పాత యంత్రం, పాత కొలబద్ద: మెషిన్ టూల్ పునరుద్ధరణలో స్థానమాపక స్కేళ్ల పునర్వినియోగం – నర్సీపట్నం ప్రాంత వర్క్‌షాపుల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పాత మిల్లింగ్, బోరింగ్, గ్రైండింగ్ యంత్రాలకు కొత్త కంట్రోల్ వ్యవస్థను అమర్చి తిరిగి పనిలోకి తీసుకురావడాన్ని రెట్రోఫిట్ లేదా పునరుద్ధరణ అంటారు. ఈ క్రమంలో యంత్రంపై అప్పటికే ఉన్న స్థానమాపక స్కేళ్లను ఉంచాలా, తొలగించాలా అన్న ప్రశ్న తప్పక ఎదురవుతుంది. చాలాచోట్ల ఆ స్కేళ్లను పరీక్షించకుండానే పాతబడ్డాయని తీసివేస్తున్నారు. స్కేల్‌ వయస్సు ఈ నిర్ణయానికి ప్రాతిపదిక కాదనీ, దాని సంకేతపు నాణ్యత, పునరావృత్తి, యాంత్రిక స్థితి మాత్రమే ప్రాతిపదిక కావాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్కేళ్ల రకాలు, వాటిలో నిజంగా పాతబడే భాగాలు, కొత్త కంట్రోల్‌తో అనుసంధానం, పరీక్షా విధానం, కోస్తాంధ్ర వాతావరణ ప్రభావం అనే అంశాలను నర్సీపట్నం వంటి పట్టణాల చిన్న వర్క్‌షాపుల అవసరాల దృష్ట్యా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెషిన్ టూల్, రెట్రోఫిట్, లీనియర్ స్కేల్, ఎన్‌కోడర్, బాల్ స్క్రూ, యథార్థత, పునరావృత్తి, ఉష్ణ వ్యాకోచం, నర్సీపట్నం.

1. ఉపోద్ఘాతం

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఒకవైపు చెరకు, వరి పండే మైదానం, మరొకవైపు చింతపల్లి దిశగా సాగే మన్యం కొండలు ఈ పట్టణానికి ఎల్లలు. ఇటువంటి పట్టణంలో లేత్ షాపుకు వచ్చే పని ప్రధానంగా మరమ్మతు పని: ట్రాక్టర్ షాఫ్టు, మోటారు బేరింగ్ గూడు, పంపు బుష్, చెరకు గానుగ రోలరు. వీటిలో అధికభాగం అనుభవజ్ఞుడైన టర్నర్ చేతిలో సాధారణ లేత్‌పైనే పూర్తవుతుంది. అయితే విశాఖపట్నం, అచ్యుతాపురం, పరవాడ పరిసరాల పరిశ్రమలకు విడిభాగాలు చేసి ఇవ్వాలనుకునే వర్క్‌షాపుకు అది చాలదు. వంద ముక్కలు అడిగితే వందా ఒకే కొలతతో ఉండాలి. అందుకు సీఎన్‌సీ యంత్రం కావాలి. కొత్త యంత్రం కొనగల స్తోమత లేనివారికి మిగిలే మార్గం వాడిన యంత్రాన్ని కొని పునరుద్ధరించుకోవడమే.

వాడిన యంత్రాలకు మన ప్రాంతంలో కొరత లేదు. ప్రభుత్వరంగ సంస్థలు పక్కన పెట్టిన యంత్రాలు ఎంఎస్‌టీసీ వంటి సంస్థల ఈ-వేలాల ద్వారా అమ్ముడవుతాయి. తెలుగునేలపై యంత్ర పరికరాల తయారీకి కూడా చెప్పుకోదగిన చరిత్ర ఉంది. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో ఏర్పడింది. 1953లో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ తరువాతి కాలంలో హైదరాబాద్‌లోనూ యూనిట్ నెలకొల్పింది. ఆనాటి పోత ఇనుప బెడ్లు, చేతితో స్క్రేప్ చేసిన స్లైడ్లు, సరిగా నూనె పడితే, దశాబ్దాల తరువాత కూడా చెడవు. అటువంటి యంత్రంలో ముందుగా కన్నుమూసేది కంట్రోల్ పెట్టె. అందులోని కార్డులకు విడిభాగాలు దొరకవు, తయారీదారు మద్దతు ఆగిపోతుంది. అందువల్ల యంత్రపు శరీరాన్ని ఉంచి మెదడును మార్చడమే పునరుద్ధరణ సారాంశం అవుతుంది.

శరీరానికీ మెదడుకూ నడుమ మూడవ అంగం ఒకటి ఉంది. టేబుల్ ఎక్కడ ఉన్నదో చూసి చెప్పే స్థానమాపక స్కేల్ అది. పునరుద్ధరణ చేసే బృందం కొత్త సర్వో మోటార్లు, కొత్త డ్రైవులు తెస్తుంది. ఆ మోటార్ల వెనుక ఎన్‌కోడర్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి పాత స్కేల్ అవసరం లేదని తేల్చివేస్తుంది. ఈ తొందరపాటు వల్ల యజమాని కోల్పోయేది ఒక వస్తువును మాత్రమే కాదు, యంత్రానికి పుట్టుకతో వచ్చిన కొలత సామర్థ్యాన్ని కూడా.

2. స్థానం తెలుసుకునే రెండు మార్గాలు

టేబుల్ స్థానాన్ని యంత్రం రెండు విధాలుగా తెలుసుకోగలదు. మొదటిది పరోక్ష మార్గం. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో ఎన్‌కోడర్ లెక్కిస్తుంది. స్క్రూ పిచ్‌తో గుణించి టేబుల్ ఎంత జరిగి ఉండాలో కంట్రోల్ ఊహిస్తుంది. రెండవది ప్రత్యక్ష మార్గం. బెడ్‌కు బిగించిన స్కేల్‌ను టేబుల్‌తో కదిలే రీడింగ్ హెడ్ చదివి, టేబుల్ నిజంగా ఎంత జరిగిందో చెబుతుంది.

నర్సీపట్నానికి చేరువలోనే, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కరంగు వేసే కళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి కళాకారుడు కుంకుమ భరిణెకు మూత చేసేటప్పుడు మూత బిగువుగా కూర్చుంటుందా లేదా అన్నది భరిణెపై పెట్టి చూసి తేల్చుకుంటాడు. తరిమెన ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్కతో తేల్చుకోడు. ప్రత్యక్ష కొలతలోని తర్కం సరిగ్గా ఇదే.

ఈ రెండింటి మధ్య తేడా ఎంతో ఒక లెక్క ద్వారా గ్రహించవచ్చు. స్క్రూ పిచ్ 10 మి.మీ., ఎన్‌కోడర్ చుట్టుకు 10,000 లెక్కలు ఇస్తుందనుకుంటే ఒక్కో లెక్క 1 మైక్రాన్ అవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తెరపై మైక్రాన్ కనిపిస్తోంది గనుక యంత్రం మైక్రాన్ వరకు నిజం చెబుతోందని భావించడం సర్వసాధారణమైన పొరపాటు. తెరపై కనిపించే అతి చిన్న అంకె వేరు, యథార్థత వేరు. నిరంతరాయంగా పనిచేసిన బాల్ స్క్రూ ఘర్షణ వల్ల వేడెక్కుతుంది. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం మీటరుకు, డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 11.5 మైక్రాన్లు. అర మీటరు స్క్రూ 10 డిగ్రీలు వేడెక్కితే, స్వేచ్ఛగా సాగే వీలున్నప్పుడు, దాదాపు 57 మైక్రాన్లు పెరుగుతుంది. ఈ పెరుగుదల మోటారు వెనుకనున్న ఎన్‌కోడర్‌కు కనిపించదు. స్క్రూకూ నట్‌కూ మధ్య ఏర్పడిన వదులు, అంటే పనివారు ‘ప్లే’ అని పిలిచే బ్యాక్‌లాష్ కూడా దానికి కనిపించదు. టేబుల్‌ను చూసే స్కేల్‌కు ఈ రెండూ కనిపిస్తాయి. పాత యంత్రంలో స్క్రూ అరిగి ఉండే అవకాశం ఎక్కువ. కనుక స్కేల్ అవసరం కొత్త యంత్రంలో కంటే పాత యంత్రంలోనే అధికం.

3. పాత యంత్రాలపై కనిపించే స్కేళ్లు

3.1 గాజు స్కేల్: అల్యూమినియం పెట్టెలో అమర్చిన గాజు పట్టీపై అతి సన్నని క్రోమియం గీతలు ఉంటాయి. గీతల ఆవర్తనం సాధారణంగా 20 లేదా 40 మైక్రాన్లు. రీడింగ్ హెడ్‌లో అవే గీతలున్న చిన్న గాజుముక్క, ఒక కాంతి జనకం, కాంతి గ్రాహకాలు ఉంటాయి. రెండు గీతల వరుసలు ఒకదానిపై ఒకటి జరిగినప్పుడు వెలుగునీడలు మారుతూ వస్తాయి. మోయిరే పట్టీలుగా పేరొందిన ఈ దృగ్విషయాన్ని గీతల జాలికలను పరీక్షించేందుకు వాడుకోవచ్చని లార్డ్ రేలీ 1874లో సూచించాడు. 1950ల దశకంలో ఎడింబరోలోని ఫెరాంటీ సంస్థ దీన్ని యంత్ర పరికరాల నియంత్రణకు వినియోగించింది. గాజుపై క్రోమియం గీతలను వేసే పద్ధతిని జర్మనీకి చెందిన హైడెన్‌హైన్ సంస్థ 1950లో అభివృద్ధి చేసింది.

3.2 ఇండక్టోసిన్: అమెరికాలోని ఫరాండ్ సంస్థ రూపొందించిన ఈ స్కేల్‌లో గాజు గానీ కాంతి గానీ లేదు. లోహపు పట్టీపై మెలికలు తిరిగిన రాగి దారి ఉంటుంది. ఆవర్తనం సాధారణంగా 2 మి.మీ. జారుడు భాగంలోని రెండు తీగచుట్ల ద్వారా విద్యుదయస్కాంత ప్రేరణతో స్థానం తెలుస్తుంది. రెండు భాగాలూ ఒకదానినొకటి తాకవు కాబట్టి అరుగుదల ఉండదు. నూనె, దుమ్ము కూడా దీన్ని పెద్దగా బాధించవు.

3.3 అయస్కాంత స్కేల్: లోహపు కడ్డీ లేదా పట్టీపై ఉత్తర, దక్షిణ ధ్రువాలను వరుసగా ముద్రించి, వాటిని హెడ్ చదివే పద్ధతి ఇది. సోనీ సంస్థ మాగ్నెస్కేల్ ఈ కోవకు చెందినది. కూలెంట్‌కు ఇది బాగా తట్టుకుంటుంది కానీ బలమైన అయస్కాంతాలకు దూరంగా ఉంచాలి.

4. నిజంగా పాతబడేది ఏది?

స్కేల్ పోయిందని పనివారు అన్నప్పుడు అందులో ఏ భాగం పోయిందో విడదీసి చూడాలి. గాజుపై ఉన్న క్రోమియం గీత కాలం గడిచినంత మాత్రాన చెరగదు. గాజు పగిలితేనో, లోపలికి చేరిన ఇనుప రజను గీసితేనో తప్ప గీతల మధ్య దూరం మారదు. తొలితరం హెడ్లలోని సన్నని ఫిలమెంట్ దీపం మాత్రం మాడిపోతుంది. తరువాతి తరాల్లో ఎల్ఈడీలు వచ్చాయి, వాటి వెలుగు కూడా క్రమంగా తగ్గుతుంది. పెట్టె మూతిని కప్పే రబ్బరు పెదవులు గట్టిపడి చీలుతాయి. ఆ చీలికల గుండా కూలెంట్ ఆవిరి చేరి గాజుపై పొరలా పేరుకుంటుంది. కేబుల్ పైపొర నూనెకు పెళుసెక్కి, కదలిక ఉన్నచోట లోపలి తీగలు తెగుతాయి. కనెక్టర్ పిన్నులు చిలుమెక్కుతాయి.

ఈ జాబితాలో గీతల పట్టీ తప్ప మిగిలినవన్నీ శుభ్రపరచదగినవి, బాగుచేయదగినవి లేదా మార్చదగినవి. మెత్తని, నూగురాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి గాజును సున్నితంగా తుడిస్తే తిరిగి పనిచేసే సందర్భాలు ఉంటాయి. కాబట్టి స్కేల్‌ను ఒకే వస్తువుగా కాక గీతలు, హెడ్, సీళ్లు, కేబుల్, సంకేతం అనే అయిదు అంశాలుగా విడదీసి తీర్పు చెప్పడం సమంజసం.

5. సంకేత భాష – కొత్త కంట్రోల్‌తో అనుసంధానం

పాత స్కేల్‌ను తిరస్కరించడానికి అతి తరచుగా చెప్పే కారణం అది కొత్త కంట్రోల్‌కు కలవదన్నది. ఇది స్కేల్‌లోని లోపం కాదు, భాషాభేదం. ప్రధానంగా నాలుగు భాషలు కనిపిస్తాయి.

మొదటిది సుమారు 11 మైక్రో ఆంపియర్ల సైన్ తరంగ విద్యుత్ ప్రవాహం. పాత గాజు స్కేళ్లలో ఇదే ఎక్కువ. రెండవది సుమారు 1 వోల్టు సైన్ తరంగ వోల్టేజీ. మూడవది 5 వోల్టుల చదరపు తరంగం, అంటే టీటీఎల్. ఇందులో ప్రతి సంకేతానికీ దాని విలోమాన్ని జతగా పంపే ఆర్ఎస్-422 పద్ధతి వర్క్‌షాపు విద్యుత్ రొదను బాగా తట్టుకుంటుంది. నాలుగవది ఇండక్టోసిన్ సంకేతం. దీన్ని చదవడానికి ఉత్తేజక తరంగాన్ని అందించి, వచ్చిన బలహీన సంకేతాన్ని పెంచి, అంకెలుగా మార్చే ప్రత్యేక కన్వర్టర్ కావాలి.

సైన్ సంకేతాలు రెండు ఉంటాయి. వాటి మధ్య దశాభేదం 90 డిగ్రీలు. ఏది ముందు వస్తోందో చూసి కదలిక దిశను నిర్ణయిస్తారు. 20 మైక్రాన్ల ఆవర్తనం గల స్కేల్‌లో ఈ రెండు తరంగాల అంచులను మాత్రమే లెక్కిస్తే ఒక ఆవర్తనానికి నాలుగు లెక్కలు వచ్చి, ఒక్కో లెక్క 5 మైక్రాన్లవుతుంది. ఇంటర్‌పొలేటర్ అనే మధ్యస్థ పెట్టె తరంగాన్ని ముందుగా అయిదు భాగాలు చేస్తే ఒక్కో లెక్క 1 మైక్రాన్‌కు దిగుతుంది. 11 మైక్రో ఆంపియర్ల భాషను టీటీఎల్ భాషలోకి అనువదించేది కూడా ఈ పెట్టెయే. పాత యంత్రపు ఎలక్ట్రికల్ క్యాబినెట్‌లో ఇటువంటి పెట్టె ఉంటే దాన్ని తుక్కులో వేయకుండా స్కేల్‌తోపాటు పరీక్షించాలి.

వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. టేబుల్ నిమిషానికి 10 మీటర్ల వేగంతో కదిలితే 20 మైక్రాన్ల స్కేల్ సెకనుకు సుమారు 8,333 తరంగాలను ఇస్తుంది. మైక్రాన్‌కు ఒక లెక్క చొప్పున సెకనుకు 1,66,667 లెక్కలు వస్తాయి. లినక్స్‌సీఎన్‌సీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడే చిన్న వర్క్‌షాపులు కంప్యూటర్ ప్యారలల్ పోర్టుతో ఇంత వేగపు లెక్కను అందుకోలేవు. లెక్కింపు కోసం ప్రత్యేక హార్డ్‌వేర్ కార్డు వాడాలి. లెక్క ఒక్కసారి తప్పితే ఆ తప్పు చివరి ముక్క వరకు కొనసాగుతుంది. స్కేల్ అబద్ధం చెప్పిందనుకునే అనేక సందర్భాల్లో అసలు కారణం వినే చెవి వేగం చాలకపోవడమే.

రిఫరెన్స్ గుర్తు మరొక ముఖ్యాంశం. విద్యుత్ పోయి వచ్చిన తరువాత యంత్రం తన సున్నాను ఈ గుర్తు ద్వారానే తిరిగి కనుగొంటుంది. కొన్ని స్కేళ్లకు ఒకే గుర్తు ఉంటుంది. మరికొన్నింటిలో గుర్తుల మధ్య దూరాలు ఒక క్రమంలో మారుతూ ఉంటాయి. పక్కపక్కనున్న రెండు గుర్తులను దాటగానే అసలు స్థానం తెలిసిపోవడం వాటి ప్రత్యేకత. ఈ రెండవ రకాన్ని కొత్త కంట్రోల్ గుర్తించగలదా అన్నది దాన్ని కొనే ముందే నిర్ధారించుకోవాలి.

6. పరీక్షా విధానం

పరీక్ష స్కేల్‌ను విప్పక ముందే, యంత్రంపైనే జరగాలి. ఒకసారి విప్పితే తయారీదారు సరిచేసిన సమాంతరత పోతుంది. దాన్ని తిరిగి సాధించడం కష్టం.

6.1 వివరాల నమోదు: స్కేల్ పేరుపలకపై ఉన్న రకం, వరుస సంఖ్య, ఆవర్తనం, కనెక్టర్ పిన్నుల క్రమం, కేబుల్ వెళ్లే దారి ఫొటోలతో సహా రాసి ఉంచాలి. పిన్నుల క్రమం తెలియకుండా విద్యుత్ ఇస్తే హెడ్ పాడవుతుంది. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్‌ను స్కేల్ తీగలకు ఎన్నడూ తగిలించరాదు.

6.2 సంకేత పరీక్ష: స్థిరమైన 5 వోల్టుల విద్యుత్ ఇచ్చి, రెండు సైన్ సంకేతాలను ఆసిలోస్కోప్ రెండు ఛానళ్లకు కలిపి, ఒకదానిని అడ్డంగా, మరొకదానిని నిలువుగా చూపే పద్ధతిలో ఉంచాలి. ప్రవాహ సంకేతమైతే చిన్న ఆంప్లిఫైయర్‌తో వోల్టేజీగా మార్చుకోవాలి. టేబుల్‌ను చేతితో నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరకు జరిపితే తెరపై వృత్తం కనబడుతుంది. వృత్తం ఒకవైపు వాలిన దీర్ఘవృత్తమైతే దశాభేదం చెడిందని అర్థం. కేంద్రం పక్కకు జరిగితే రెండు గ్రాహకాల మధ్య సమతుల్యత తప్పిందని అర్థం. ఒక ప్రదేశంలో మాత్రమే వృత్తం కుంచించుకుపోతే అక్కడి గాజుపై మురికి ఉందని అర్థం. అన్నిచోట్లా చిన్నదిగా ఉంటే దీపం బలహీనపడిందనో హెడ్ దూరమైందనో అనుమానించాలి. ఈ సమయంలో కేబుల్‌ను అక్కడక్కడ వంచి చూడాలి. వృత్తం మిణుకుమంటే తీగ తెగి ఉన్నట్లే.

6.3 పునరావృత్తి పరీక్ష: టేబుల్‌ను ఒక స్థిరమైన డయల్ గేజ్‌కు తాకించి స్కేల్ అంకెను సున్నా చేయాలి. మొత్తం పొడవునా పలుమార్లు తిప్పి తెచ్చి మళ్లీ అదే డయల్ స్థానానికి చేర్చితే స్కేల్ సున్నానే చూపాలి. ప్రతిసారి ఒకే దిక్కుకు అంకె జారుతూ పోతే లెక్కలు జారవిడుస్తోందని తెలుసుకోవాలి.

6.4 యథార్థత పరీక్ష: స్లిప్ గేజ్‌లతో అయినా, అందుబాటులో ఉంటే లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్‌తో అయినా పలు స్థానాల్లో స్కేల్ చెప్పిన దూరాన్ని సరిచూడాలి. ఐఎస్ఓ 230-2 ప్రమాణం ప్రకారం రెండు మీటర్ల లోపు అక్షంపై ప్రతి లక్ష్యస్థానాన్ని ఒక్కో దిశ నుంచి అయిదేసి సార్లు చేరుకొని కొలవాలి. చిన్న వర్క్‌షాపు ప్రమాణాన్ని పూర్తిగా పాటించలేకపోయినా అందులోని తర్కాన్ని గ్రహించవచ్చు. ఒకసారి కొలిచి వచ్చిన మంచి ఫలితం దేనికీ రుజువు కాదు.

ఈ పరీక్షల ఫలితాల్లో కీలకమైన విభజన ఒకటుంది. ప్రతిసారీ ఒకే చోట ఒకే పరిమాణంలో వచ్చే దోషాన్ని కంట్రోల్‌లోని దోషసవరణ పట్టికలో రాసి తొలగించవచ్చు. ఒకసారి ఒకవిధంగా, మరొకసారి మరొకవిధంగా వచ్చే దోషాన్ని ఏ పట్టికా సవరించలేదు. మొదటి రకం స్కేల్ ఎంత పాతదైనా ఉంచదగినదే. రెండవ రకానికి కారణం తెలిసి తొలగిపోతే తప్ప, అది ఎంత కొత్తదైనా తిరస్కరించదగినదే.

7. బిగింపు, అనుసంధానంలో జాగ్రత్తలు

కొత్త స్కేల్ బిగించడం పైకి కనిపించినంత తేలిక కాదు. దాన్ని స్లైడ్ మార్గానికి మొత్తం పొడవునా సాధారణంగా 0.1 మి.మీ. లోపు సమాంతరంగా నిలపాలి. అందుకు బ్రాకెట్లు చేయాలి, బెడ్‌పై కొత్త రంధ్రాలు వేయాలి. చోటు చాలక పనిచేసే రేఖకు దూరంగా బిగిస్తే మరొక దోషం పుడుతుంది. కొలిచే రేఖ, కొలవబడే రేఖ ఒకే వరుసలో ఉండాలన్నది ఎర్నెస్ట్ ఆబే 1890లో ప్రతిపాదించిన సూత్రం. టేబుల్ 10 ఆర్క్ సెకన్ల మేర ఒరిగితే, 200 మి.మీ. దూరంలో ఉన్న స్కేల్ దాదాపు 10 మైక్రాన్లు తప్పు చెబుతుంది. యంత్రం పుట్టినప్పుడు బిగించిన స్కేల్ స్థానాన్ని డిజైనర్ ఈ విషయాలన్నీ ఆలోచించి ఎంచుకొని ఉంటాడు. పాత స్కేల్‌ను ఉంచలేని పక్షంలో కనీసం ఆ స్థానాన్నయినా కాపాడుకోవాలి.

స్కేల్‌ను కంట్రోల్‌కు కలిపే ముందు యంత్రపు వదులును సరిచేయడం తప్పనిసరి. వేగ నియంత్రణను మోటారు ఎన్‌కోడర్‌కూ, స్థాన నియంత్రణను స్కేల్‌కూ అప్పగించడం మంచి పద్ధతి. అయితే మోటారుకూ టేబుల్‌కూ నడుమ ప్లే అధికంగా ఉంటే స్కేల్ ఆదేశించిన సవరణ టేబుల్‌కు ఆలస్యంగా చేరుతుంది. కంట్రోల్ మళ్లీ వెనక్కి లాగుతుంది. ఫలితంగా టేబుల్ ఒకచోట నిలవక ముందుకూ వెనకకూ ఊగిసలాడుతుంది. దీన్ని చూసి స్కేల్‌ను నిందించి తీసివేయడం వ్యాధిని వదిలి వైద్యుణ్ణి వెళ్లగొట్టడమే. నట్, థ్రస్ట్ బేరింగ్, గిబ్‌లను ముందు సరిచేయాలి. వాటిని మార్చే ఆర్థిక వెసులుబాటు వెంటనే లేకపోతే నియంత్రణను మోటారు ఎన్‌కోడర్‌కే ఉంచి, స్కేల్‌ను అంకెలు చూపే డీఆర్ఓగా వాడుకోవచ్చు. అప్పుడు కూడా నిజమైన స్థానం ఆపరేటర్ కళ్ల ముందు ఉంటుంది.

ప్రాణభద్రతకు సంబంధించిన హెచ్చరిక ఒకటి ఇక్కడ అవసరం. స్కేల్ దిశ తారుమారుగా కలిస్తే, లేదా నడుస్తుండగా కేబుల్ తెగితే, టేబుల్ కదలలేదని భ్రమించిన కంట్రోల్ మోటారును పూర్తి వేగంతో తోస్తుంది. మొదటి పరీక్షలో టేబుల్‌ను మధ్యలో ఉంచి, గెయిన్ తక్కువగా పెట్టి, అత్యవసర బటన్‌పై చేయి ఉంచి నడపాలి. ఆదేశానికీ స్థానానికీ మధ్య తేడా పరిమితి దాటితే డ్రైవు ఆగిపోయే ఏర్పాటు, తీగ తెగిన సంగతిని గుర్తించే ఏర్పాటు లేకుండా యంత్రాన్ని ఉత్పత్తికి అప్పగించరాదు.

8. కోస్తా వాతావరణం – స్థానిక పరిశీలన

పొడవు కొలతలకు అంతర్జాతీయ ప్రమాణ ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. నర్సీపట్నంలో ఏసీ లేని షెడ్డు ఏడాదిలో అధికభాగం ఆ స్థాయికి దిగదు. అందువల్ల స్కేల్ ఏ పదార్థంతో చేయబడిందన్నది ఇక్కడ శీతల దేశాల్లో కంటే ముఖ్యమవుతుంది.

షెడ్డులో ఉష్ణోగ్రత 35 డిగ్రీలనీ, యంత్రమూ పనిముక్కా ఆ వేడికి స్థిరపడ్డాయనీ అనుకుందాం. 500 మి.మీ. ఉక్కు ముక్కను గాజు స్కేల్ ఆధారంగా కోస్తున్నాం. గాజు స్కేల్ వ్యాకోచ గుణకం మీటరుకు, డిగ్రీకి సుమారు 8 మైక్రాన్లు కాబట్టి 15 డిగ్రీల తేడాకు స్కేల్ 60 మైక్రాన్లు పెరిగి ఉంటుంది. తెరపై 500.000 కనిపించినప్పుడు కోసిన ముక్క నిజ పొడవు 500.060 మి.మీ. ఆ ముక్క 20 డిగ్రీలకు చల్లారితే ఉక్కు గుణకం ప్రకారం 86 మైక్రాన్లు తగ్గి 499.974 మి.మీ. అవుతుంది. అంటే స్కేల్‌లో ఏ లోపమూ లేకపోయినా ముక్క 26 మైక్రాన్లు పొట్టిగా వస్తుంది. అదే ముక్క అల్యూమినియంతో చేసినదైతే, గుణకం 23 మైక్రాన్లు గనుక, లోటు సుమారు 112 మైక్రాన్లకు చేరుతుంది. ఉక్కుతో సమానంగా సాగే లోహపు స్కేల్ ఉంటే ఉక్కు ముక్క విషయంలో ఈ లోటు దాదాపు రద్దవుతుంది.

దీని నుంచి రెండు నిర్ణయాలు వెలువడతాయి. ఒకటి, లోహపు స్కేల్‌ను తీసి గాజు స్కేల్ పెడితే వేడి షెడ్డులో యంత్రపు ప్రవర్తనే మారిపోతుంది, కొత్తది కాబట్టి మెరుగన్న నమ్మకం ఇక్కడ నిలవదు. రెండు, గాజు స్కేల్ ఉన్నచోట ఉష్ణోగ్రత, ముక్క పదార్థం రెండూ నమోదు చేసుకొని కంట్రోల్‌లో పొడవు గుణకాన్ని సవరించుకోవచ్చు. గోడకు ఒక నమ్మకమైన థర్మామీటరు, ముక్కపై తాకించి చూసే మరొకటి ఉంటే ఈ సవరణ సాధ్యం.

తేమ మరొక సమస్య. గాజు స్కేల్ పెట్టెలోకి స్వల్ప పీడనంతో గాలి పంపితే దుమ్ము, కూలెంట్ ఆవిరి లోపలికి చేరవు. కానీ వానాకాలంలో సాధారణ కంప్రెసర్ గాలితోపాటు నీటినీ నూనెనూ మోసుకొస్తుంది. ఆరబెట్టి వడపోయని గాలి లోపలికి పంపితే గాజుపై మసక పేరుకొని పరిస్థితి మరింత చెడుతుంది. కాబట్టి డ్రయ్యర్, ఫిల్టర్ లేనిచోట గాలి పంపకుండా సీళ్లను కొత్తవిగా మార్చి, పెట్టె మూతి కిందికి ఉండేలా జాగ్రత్తపడటమే మేలు. తరచూ విద్యుత్ అంతరాయం కలిగే చోట స్కేల్‌కూ కంట్రోల్‌కూ యూపీఎస్ ద్వారా విద్యుత్ ఇస్తే పని మధ్యలో సున్నా పోదు.

9. ఉంచాలా, తీయాలా?

పై చర్చ ఆధారంగా నిర్ణయానికి కొన్ని సూచికలు చెప్పవచ్చు. గీతలు చెక్కుచెదరకుండా ఉండి, సంకేత వృత్తం మొత్తం పొడవునా నిలకడగా ఉండి, పునరావృత్తి పనికి తగినంత ఉంటే స్కేల్‌ను ఉంచాలి. సంకేతం మాత్రమే కలవకపోతే ఇంటర్‌పొలేటర్ లేదా కన్వర్టర్ ద్వారా కలపాలి. హెడ్ లేదా కేబుల్ మాత్రమే పోతే వాటినే మార్చాలి.

గాజు పగిలినా, గీతలు గీరుకుపోయినా, హెడ్‌కు ప్రత్యామ్నాయం దొరకకపోయినా, పిన్నుల వివరం ఏ విధంగానూ తెలియకపోయినా పాత స్కేల్‌ను వదులుకోవడమే వివేకం. కన్వర్టర్ ఖర్చు, దాన్ని నడిపే నైపుణ్యం కలిసి కొత్త స్కేల్ ఖర్చును మించిపోతే ఇండక్టోసిన్‌ను కూడా విడిచిపెట్టవచ్చు. చేసే పని పదో వంతు మిల్లీమీటరు స్థాయిదైతే, స్క్రూ మంచి స్థితిలో ఉంటే, మోటారు ఎన్‌కోడర్‌తోనే సరిపెట్టుకోవడం తప్పు కాదు. యంత్రం నుంచి ఏ కొలత ఆశిస్తున్నామో ముందు తేల్చుకోవాలి. ఆ తరువాతనే స్కేల్ సంగతి.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

• స్థానమాపక స్కేల్ టేబుల్‌ను ప్రత్యక్షంగా చూస్తుంది. స్క్రూ అరిగిన పాత యంత్రానికి ఈ చూపు అత్యవసరం.
• స్కేల్‌లో త్వరగా పాతబడేవి దీపం, సీళ్లు, కేబుల్, కనెక్టర్లు. గీతల పట్టీ ఆయుర్దాయం వీటన్నింటికంటే ఎక్కువ.
• కొత్త కంట్రోల్‌తో కలవకపోవడం సాధారణంగా సంకేత భాషల తేడా. దానికి అనువాద సాధనాలున్నాయి.
• మళ్లీ మళ్లీ ఒకేలా వచ్చే దోషం సవరించదగినది. నిలకడలేని దోషం తిరస్కారానికి కారణం.
• కోస్తా ఉష్ణోగ్రతల్లో స్కేల్ పదార్థం కొలతను మైక్రాన్లలో కాదు, పదుల మైక్రాన్లలో మార్చగలదు. స్కేల్ మార్పిడి నిర్ణయంలో దీన్ని విస్మరించరాదు.
• యంత్రపు వదులు సరిచేయకుండా స్కేల్‌ను కంట్రోల్‌కు కలపడం ఫలించదు, ప్రమాదకరం కూడా కావచ్చు.

నర్సీపట్నం వంటి పట్టణంలో అప్పు చేసి పాత యంత్రం కొన్న వర్క్‌షాపు యజమానికి తిరిగివచ్చిన ఒక్క బ్యాచ్ ముక్కలు నెలల సంపాదనను హరించగలవు. యంత్రం విప్పడానికి ముందు ఆసిలోస్కోప్‌తో, డయల్ గేజ్‌తో ఒక పూట పరీక్షించడం అటువంటి నష్టానికి ముందస్తు నివారణ. స్థానిక ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఈ పరీక్షలను ప్రయోగశాల అభ్యాసంగా నేర్పితే ఆ నైపుణ్యం ఊళ్లోనే దొరుకుతుంది. అప్పుడు పాత స్కేల్‌ను ఉంచాలన్నా తీయాలన్నా ఆ నిర్ణయం కొలత మీద ఆధారపడి ఉంటుంది.